పది సెకన్ల మెనూ

అమలాపురం నుంచి అల్లవరం మీదుగా వెళ్లే రోడ్డుకు ఓడలరేవే ఆఖరు. అక్కణ్నుంచి ముందుకు బంగాళాఖాతమే. పడమటి వైపు వైనతేయ గోదావరి సముద్రంలో కలుస్తుంది. మిగిలిన మూల మూలలా కొబ్బరి, రొయ్యల చెరువులు. బయటి ప్రపంచానికి ఈ ఊరి పేరు ఓఎన్‌జీసీ టెర్మినల్ వల్ల తెలిసింది. సముద్రం అడుగున తవ్విన బావుల గ్యాసు పైపుల్లో వచ్చి ఇక్కడే ఒడ్డెక్కుతుంది. కోనసీమ ఇళ్లలో మాత్రం ఓడలరేవు అనగానే చాలామందికి గుర్తొచ్చేది బీవీసీ ఇంజనీరింగ్ కాలేజీ. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ తోటలను పడుకోబెట్టింది. మరుసటి ఏడాది, 1997లో, ఈ సముద్రపు అంచున ఆ కాలేజీ మొదలైంది. కూలిన చెట్టు స్థానంలో కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. బీటెక్‌కు నాలుగేళ్లు చాలు.

1990ల చివర్లో తెలుగు నేల మీద ఇలాంటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు ఊరూరా లేచాయి. వాటి ల్యాబుల్లో కూర్చున్న తరమే తర్వాత అమీర్‌పేటకూ, బెంగళూరుకూ, అమెరికాకూ వెళ్లింది. ఆ తరం మొదట చూసిన కంప్యూటర్ తెర ఏది, దాన్ని వాళ్ల కోసం ఎవరు ఎంచారు, ఆ తెరను వాళ్లు ఎప్పుడు, ఎందుకు మార్చుకున్నారు అన్న చరిత్రను పెద్దగా ఎవరూ రాసిపెట్టలేదు. ఏ కంపెనీ ఏ కంప్యూటర్ అమ్మిందో లెక్క దొరుకుతుంది గానీ, ఏ కుర్రాడు ఏ మెనూ చూసి బెదిరాడో ఎవరు రాస్తారు?

ఆ తరంలో చాలామందికి తొలి డెస్క్‌టాప్ విండోస్ కాదు, టర్బో సీ నీలం తెర. బోర్లాండ్ కంపెనీ 1990ల మొదట్లో డాస్ కోసం తెచ్చిన టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0ను అమెరికా మర్చిపోయిన పదిహేనేళ్లకు కూడా మన కాలేజీలు వదల్లేదు. ఆల్ట్, ఎఫ్9 నొక్కితే కంపైల్. కంట్రోల్, ఎఫ్9 నొక్కితే రన్. ఫలితం ఒక్క క్షణం మెరిసి మాయమైతే ఆల్ట్, ఎఫ్5తో మళ్లీ వెనక్కి రప్పించుకోవాలి. ఈ మూడూ వేళ్లకు పట్టుబడితే సీ ల్యాబ్ గండం గట్టెక్కినట్టే. మౌస్ ముట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు. 64 బిట్ విండోస్ వచ్చాక ఈ పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. అయినా కాలేజీలు తెర మార్చలేదు. పాత డాస్ గేములు ఆడుకోవడానికి తయారుచేసిన డాస్‌బాక్స్ అనే తొడుగులో టర్బో సీని కూర్చోబెట్టి, అదే నీలం తెరను 2010ల దాకా లాక్కొచ్చాయి. కంప్యూటర్ తెరల చరిత్రలో ఇంత మొండి అలవాటు మరొకటి దొరకడం కష్టం.

బయటి ప్రపంచం అప్పటికి చాలా దూరం నడిచింది. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1973లో పుట్టిన ఆల్టో, 1981లో అమ్మకానికి వచ్చిన స్టార్, 1984 జనవరిలో ఆపిల్ మెకింటోష్, 1985 నవంబర్‌లో తొలి విండోస్. ఈ వరుస అందరికీ తెలిసిందే. తెలుగు ఊళ్లకు లెక్కలోకి వచ్చే తేదీ మాత్రం 1995 ఆగస్టు 24. విండోస్ 95తో తెర కింద ఎడమ మూల స్టార్ట్ బటన్ వచ్చిన రోజు అది. కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో పాఠం ఆ బటన్ దగ్గరే మొదలయ్యేది. స్టార్ట్, ప్రోగ్రామ్స్, యాక్సెసరీస్, పెయింట్ అంటూ దారిని నోటు పుస్తకంలో రాసుకుని బట్టీ పట్టేవాళ్లు. 2001 అక్టోబర్‌లో విండోస్ ఎక్స్‌పీ ఆ దారిని కాస్త మార్చి, పచ్చటి కొండ బొమ్మతో దిగింది. పచ్చదనం కోసం కోనసీమ పిల్లలు కాలిఫోర్నియా కొండను చూడనక్కర్లేదు గానీ, ఆ బొమ్మ దాదాపు పదేళ్లపాటు ప్రతి ల్యాబులోనూ, ప్రతి నెట్ సెంటర్‌లోనూ వెలిగింది. పాత మెనూకే చెయ్యి అలవాటైనవాళ్ల కోసం ఎక్స్‌పీలో ‘క్లాసిక్’ అనే వెసులుబాటు ఉండేది. చాలామంది తెలుగువాళ్లు డెస్క్‌టాప్‌ను తమ చేత్తో మార్చుకోవడం అక్కడే మొదలైంది. కొత్తది తెచ్చుకోవడానికి కాదు, పాతదాన్ని నిలబెట్టుకోవడానికి.

రెండో తెర పోస్టులో వచ్చింది. పీసీక్వెస్ట్ అనే ఇంగ్లీషు పత్రిక 1996 నుంచి లినక్స్ సీడీలు పంచేది. 2003లో వచ్చిన ‘లినక్స్ ఫర్ యూ’ పత్రికా ఆ దారే పట్టింది. నెట్ నుంచి దించుకోవడం మాటలు కాదు. రెడ్ హ్యాట్ 9 లినక్స్ మూడు సీడీలను 56 కేబీపీఎస్ డయలప్ మీద దించుకోవాలంటే, ఫోను ఒక్కసారి కూడా కట్ కాకపోయినా, మూడు రోజులకు పైనే పడుతుంది. అందుకే సీడీ చేతులు మారేది. సీనియర్ దగ్గర కాపీ, వాడి దగ్గర జూనియర్ కాపీ. ఉబుంటు తయారుచేసే కెనానికల్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. అడిగినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడికైనా సీడీలను ఉచితంగా, పోస్టు ఖర్చు కూడా తనే పెట్టుకుని పంపింది. షిపిట్ అనే ఆ పథకం 2011 ఏప్రిల్ దాకా నడిచింది. మన దేశంలో హాస్టల్ చిరునామాలకు ఆ కవర్లు ఎన్నో చేరాయి. విదేశం నుంచి తన పేరు మీద కవరు రావడమే ఒక గొప్ప, లోపలున్నది వాడినా వాడకపోయినా.

లినక్స్‌లో విండోస్ మీద పెరిగినవాళ్లకు వింతగా అనిపించిన సంగతి ఒకటుంది. డెస్క్‌టాప్ అనేది యంత్రంతో అతుక్కుపోయి ఉండదు. పాస్‌వర్డ్ అడిగే తెర మీదే ‘సెషన్’ అనే చిన్న మెనూ ఉంటుంది. గ్నోమ్ కావాలా, కేడీఈ కావాలా అని అడుగుతుంది. లోపలి ఫైళ్లు అవే, ప్రోగ్రాములు అవే, పైనున్న రూపం మాత్రం వేరు. రెడ్ హ్యాట్‌లో ‘స్విచ్‌డెస్క్’ అనే ఆదేశం ఉండేది. టెర్మినల్‌లో ఆ మాట, పక్కన కావలసిన డెస్క్‌టాప్ పేరు కొడితే, మళ్లీ లాగిన్ అయినప్పుడు కొత్త తెర ప్రత్యక్షం. విండోస్‌లో వాల్‌పేపర్ మార్చడమే పెద్ద పని అనుకున్న కుర్రాడు ఇది చూసి ‘ఆయ్!’ అని నోరు తెరిచి ఉంటాడు.

గ్నోమ్, కేడీఈ అనే ఆ రెండు పేర్ల వెనక ఉన్నది ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల తగాదా. జర్మనీలో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిఖ్ 1996 అక్టోబర్ 14న కేడీఈ ప్రకటన చేశాడు. యూనిక్స్ యంత్రాల మీద ఒక్కో ప్రోగ్రాము ఒక్కో తీరున కనిపించే గందరగోళం పోవాలన్నది అతని గోల. దానికి అతను వాడిన క్యూటీ అనే సామగ్రి నార్వే కంపెనీ ట్రోల్‌టెక్‌ది. దాని లైసెన్సు అప్పటికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదులకు అది గిట్టలేదు. 1997 ఆగస్టులో మెక్సికో కుర్రాళ్లు మిగెల్ ద ఇకాజా, ఫెదెరికో మేనా పోటీగా గ్నోమ్ మొదలుపెట్టారు. కేడీఈ 1.0 1998 జూలైలో, గ్నోమ్ 1.0 1999 మార్చిలో విడుదలయ్యాయి. 2000 సెప్టెంబర్‌లో క్యూటీ కూడా జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చేసింది. అంటే తగాదాకు మూలకారణం మూడేళ్లకే తీరిపోయింది. తగాదా మాత్రం తీరలేదు. పొలం గట్టు తగాదాల్లాగే, హద్దు రాయి సర్దుకున్నాక కూడా రెండు వర్గాలూ అలాగే ఉండిపోయాయి.

2002లో రెడ్ హ్యాట్ 8.0 ఈ గొడవను అణచాలని చూసింది. ‘బ్లూకర్వ్’ అనే ఒకే రంగూ రూపూ రెండింటికీ తొడిగింది. గ్నోమ్‌లోకి వెళ్లినా, కేడీఈలోకి వెళ్లినా చూపుకు ఒకేలా ఉండాలన్నది ఆలోచన. కేడీఈ వర్గం మండిపడింది. తమ డెస్క్‌టాప్‌ను కావాలని కుంటిదాన్ని చేశారంది. మన ల్యాబుల్లో బాగా పాతుకుపోయింది ఆ వరుసలోదే, 2003 మార్చిలో వచ్చిన రెడ్ హ్యాట్ 9. అందుకే ఆ రోజుల్లో చదివినవాళ్లలో చాలామంది తాము వాడింది గ్నోమో కేడీఈయో చెప్పలేరు. చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు రాలేదు. లాగిన్ కాగానే తెరిచేది నల్లటి టెర్మినల్. అందులో వీఐ ఎడిటర్, షెల్ స్క్రిప్టు, జీసీసీ. గంట కొట్టగానే లాగౌట్. విదేశాల్లో మెయిళ్ల మీద మెయిళ్లు రాసుకుని కొట్లాడుకున్న డెస్క్‌టాప్‌లు రెండూ ఇక్కడి విద్యార్థికి టెర్మినల్ దాకా తీసుకెళ్లే వసారాలు మాత్రమే.

అయితే ఒక ఎంపిక మాత్రం అందరికీ తప్పనిసరి అయింది. 2000ల రెండో సగంలో జేఎన్‌టీయూ మొదటి ఏడాది పాఠ్యప్రణాళికలో ‘ఐటీ వర్క్‌షాప్’ అనే ల్యాబు ఉండేది. సీపీయూ విప్పి మళ్లీ బిగించడం, విండోస్ ఎక్కించడం, ఆ తర్వాత అదే యంత్రంలో లినక్స్ కూడా ఎక్కించి రెండూ ఉండేలా డ్యూయల్ బూట్ చేయడం. ఇవన్నీ విద్యార్థి ఎవరికి వారు చేసి చూపాల్సిన పనులని అందులో రాసి ఉంది. సివిల్ అయినా, మెకానికల్ అయినా సరే. 2008 ఆగస్టులో జేఎన్‌టీయూ కాకినాడ వేరుపడ్డాక కూడా ఈ ల్యాబు కొనసాగింది. తెలుగు నేల మీద ఇన్ని లక్షల మంది చేత రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను పక్కపక్కన పెట్టించిన పత్రం ఇంకొకటి లేదనే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రానిది, మార్కులు పెట్టేసరికి వచ్చింది.

ఆ పనిలో భయం అంతా డిస్క్ ముక్కలు చేసే దగ్గరే. స్వాప్ ర్యామ్‌కు రెట్టింపు ఉండాలి, రూటుకు ఇంత, మిగతాది హోమ్‌కు. ఒక్క తప్పు నొక్కు నొక్కితే పక్కనున్న విండోస్, అందులోని సినిమాలు, పాటలు, ప్రాజెక్టు రిపోర్టు మొత్తం గోదాట్లో కలిసినట్టే. ఇంట్లో కంప్యూటర్ ఉన్న కుర్రాడు ఈ ప్రయోగం ల్యాబులోనే చేసి, ఇంటి దగ్గర మాత్రం చేతులు ముడుచుకునేవాడు.

అన్నీ సవ్యంగా జరిగితే యంత్రం ఆన్ చేసినప్పుడు గ్రబ్ అనే మెనూ వచ్చేది. పైన లినక్స్, కింద విండోస్. రెడ్ హ్యాట్ అయితే విండోస్‌ను ఆ పేరుతో కూడా పిలిచేది కాదు, ‘డాస్’ అని రాసేది. ఎక్స్‌పీకి డబ్బు పెట్టిన పెద్దాయన చూస్తే ఎంత నొచ్చుకునేవాడో! మెనూ పది సెకన్లు ఆగేది. ఏమీ నొక్కకపోతే మొదటి వరుసలో ఉన్నది తనే తెరుచుకునేది. ఇక్కడే జరిగింది అసలు చరిత్ర. ల్యాబు అసిస్టెంట్ ఒకసారి ఆ వరుస మార్చి విండోస్‌ను ముందుకు తెస్తే, ఇక ఆ సెమిస్టరంతా ఆ యంత్రం విండోస్ యంత్రమే. వరుస మార్చకపోతే లినక్స్ యంత్రమే. ఎంచుకునే హక్కు ప్రతి విద్యార్థికీ ఉంది. పదో సెకను లోపు వాడుకున్నవాళ్లు మాత్రం తక్కువ.

తెలుగు అక్షరాల సంగతి వచ్చేసరికి ఈ బద్ధకం చెల్లలేదు. అక్కడ జనం నిజంగా తెరలు మార్చారు, కష్టపడి మార్చారు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. తెర మీదికి రావడానికి మాత్రం పదేళ్లు పట్టింది. ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది గానీ అది దానంతటది పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతం, భాష అనే చోటికి వెళ్లి, సంక్లిష్ట లిపుల కోసం ఉన్న గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. దొంగ కాపీ ఎక్కించుకున్న నెట్ సెంటర్‌లో అసలు సీడీ ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే 2000ల మధ్యలో తెలుగు బ్లాగులు చదవాలనుకున్న చాలామందికి కనిపించింది డబ్బాల వరుస, లేదా విడివిడిగా చెదిరిన గుణింతాలు. గౌతమి నచ్చనివాళ్లు తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు తెచ్చుకున్నారు.

లినక్స్‌లో ఇదే సమస్య ఇంకో రూపంలో ఉండేది, ఇక్కడ మాత్రం గ్నోమా కేడీఈయా అన్నది నిజంగా తేడా చూపింది. అక్షరాలను పేర్చే పని గ్నోమ్‌లో పాంగో అనే భాగం చేసేది. కేడీఈలో ఆ పని క్యూటీ చేసేది. ఒకే కంప్యూటర్, ఒకే ఫాంటు, ఒకే వాక్యం అయినా ఒక డెస్క్‌టాప్‌లో వత్తు కింద కుదురుగా కూర్చునేది, ఇంకోదాంట్లో పక్కకు జారేది. తెలుగు చదివేవాడు డెస్క్‌టాప్‌ను ఎంచడానికి రంగులూ మెరుపులూ కాదు, ‘స్త్రీ’, ‘క్ష్మి’ లాంటివి ఎలా వస్తున్నాయో చూస్తే సరిపోయేది. ఆ తర్వాత రెండు శిబిరాల పనినీ కలిపి హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి యంత్రాంగం తయారైంది. ఇవాళ పాంగో కూడా దాన్నే వాడుతుంది, క్యూటీ కూడా దాన్నే వాడుతుంది. పైన ఎంత పోటీ ఉన్నా, అక్షరం దగ్గర గ్నోమ్, కేడీఈ రాజీపడిపోయాయి. రెడ్ హ్యాట్ ఒకే రంగు పూసి సాధించలేని ఐక్యత వత్తుల దగ్గర సాధ్యమైంది.

మెనూలు కూడా తెలుగులో ఉండాలని పూనుకున్నవాళ్లు ఉన్నారు. గ్నోమ్ తెలుగు అనువాద ఫైళ్లు తెరిస్తే పైవరుసల్లో 2005 నాటి ప్రజాశక్తి లోకలైజేషన్ టీమ్ పేరు కనిపిస్తుంది. అదే ఏడాది హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. తర్వాత పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ‘ఈ స్వేచ్ఛ’ అనే ప్రయత్నాలు చేసింది. కాలేజీల్లో ‘గ్లగ్’ పేరుతో లినక్స్ వాడుకరుల బృందాలు పెట్టి, ఆ విద్యార్థుల చేతనే అనువాదాలు చేయించింది. రెడ్ హ్యాట్ తన పుణె కార్యాలయం నుంచి ఫెడోరా లినక్స్‌కు తెలుగు చేయించింది, లోహిత్ ఫాంట్లు ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్‌పీ నుంచి తెలుగు మెనూలను విడిగా ఎక్కించుకునే వీలు కల్పించింది.

ఇంత కష్టపడి తెలుగు చేసిన మెనూలను వాడినవాళ్లు ఎంతమంది అంటే, జవాబు ఉత్సాహంగా ఉండదు. నేర్పిన మాస్టారు ఇంగ్లీషు మెనూతో నేర్పాడు, పుస్తకం ఇంగ్లీషు, ఉద్యోగంలో తెర ఇంగ్లీషు. తెలుగులో రాయాలని తపించినవాళ్లు కూడా మెనూ మాత్రం ఇంగ్లీషులోనే ఉంచుకున్నారు. అనువాదకుల తప్పు కాదది. అలవాటు ముందు పుట్టింది, అనువాదం తర్వాత పుట్టింది, అంతే.

అలవాటు బలం ఎంతో చూడాలంటే అమలాపురంలోనో, రాజోలులోనో డీటీపీ షాపుకు వెళ్లాలి. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు, ఎన్నికలప్పుడు వాల్‌పోస్టర్లు. ఇవన్నీ అడోబ్ పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లలో తయారయ్యాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. అనూ ఫాంట్లలో తెలుగు అక్షరం ప్రతిదీ ఏదో ఒక ఇంగ్లీషు గుర్తు గదిలో దాక్కుని ఉంటుంది. ఆ ఫైలును ఇంకో చోట తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు కొక్కిరి గీతలు వస్తాయి. కాబట్టి లినక్స్‌లో ఎంత అందమైన తెలుగు కనిపించినా ఆ షాపుకు పనికిరాదు. కొత్త విండోస్ వచ్చినా భయమే, పాత అనూ అందులో పనిచేస్తుందో లేదో! పైగా ఆపరేటర్ వేళ్లకు అబ్బిన కీబోర్డు వరుస ఉంది. దాన్ని అందరూ ‘ఆపిల్ కీబోర్డు’ అంటారు, కంప్యూటర్ ఆపిల్‌ది కాకపోయినా. చూడకుండా ఆ వరుసలో గంటలకు గంటలు కొట్టే మనిషిని రేపట్నుంచి ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే వరుసలో కొట్టమంటే, ఆ వేళ్లు మళ్లీ ఒకటో తరగతికి వెళ్లాల్సిందే. పెళ్లి ముహూర్తాలు అంతదాకా ఆగవు.

ఈ కారణాల వల్లే మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సెలవిచ్చేశాక కూడా అది డీటీపీ బల్లల మీద బతికే ఉంది. నెట్ కేబుల్ పీకేసి, వైరస్ రాకుండా చూసుకుని, ఆ ఒక్క పనికే అట్టిపెట్టుకున్న యంత్రాలవి. ఫ్లెక్సీల వాళ్లది ఇంకో కథ. వాళ్ల ప్రాణం కోరల్‌డ్రాలో ఉంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం, కోరల్ కంపెనీ 1999 నవంబర్‌లో సొంతంగా కోరల్ లినక్స్ విడుదల చేసింది, అదీ కేడీఈ డెస్క్‌టాప్‌తో. 2000లో కోరల్‌డ్రాను లినక్స్ కోసం కూడా తెచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే చేతులెత్తేసి ఆ లినక్స్‌ను ఇంకొకరికి అమ్మేసుకుంది. ఆ పంతం ఇంకొన్నాళ్లు నిలిచి ఉంటే, తర్వాతి పదేళ్లలో ఊరి సెంటర్‌లో లేచిన ఫ్లెక్సీల్లో కొన్నయినా కేడీఈ తెర మీద పుట్టి ఉండేవి.

మెనూ మార్చకుండా ఉండటమే అలవాటైన లోకాన్ని 2011, 2012 సంవత్సరాలు కుదిపేశాయి. ఈసారి వాడేవాళ్లు మార్చలేదు, తయారుచేసేవాళ్లే మార్చారు. 2011 ఏప్రిల్ 6న వచ్చిన గ్నోమ్ 3 కింది పట్టీ తీసేసింది, కిటికీని కిందికి దించే చిన్న బటన్ కూడా తీసేసింది. అదే నెల 28న ఉబుంటు 11.04 యూనిటీ అనే సొంత తెరతో దిగి, బొమ్మలన్నిటినీ ఎడమ అంచున నిలువుగా నిలబెట్టింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతకుముందే కేడీఈ 4 నచ్చక గ్నోమ్‌కు మారిన మనిషి. గ్నోమ్ 3ను బాహాటంగా తిట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు వెళ్లిపోయాడు, కొన్నాళ్లకు మళ్లీ గ్నోమ్‌కే తిరిగొచ్చాడు. లినక్స్ కెర్నల్ రాసినవాడికే ఇన్ని తిరుగుళ్లు పడితే మామూలువాళ్ల సంగతి చెప్పేదేముంది! పాత గ్నోమ్ 2 కావాలన్నవాళ్ల కోసం అర్జెంటీనా వాడుకరి ఒకరు దాన్ని విడదీసి ‘మాటె’ అని పేరుపెట్టి కొనసాగించాడు. లినక్స్ మింట్ వాళ్లు ‘సినమన్’ మొదలుపెట్టారు. రెండూ కొత్తవే, రెండూ తెచ్చింది పాత తెరనే.

విండోస్‌కూ అదే జబ్బు పట్టింది. 2012 అక్టోబర్ 26న విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేసి, తెర నిండా రంగు పలకలు పరిచింది. వేలితో తాకే తెరల కోసం చేసిన ఆ ఏర్పాటు, తాకితే ఏమీ జరగని ల్యాబు మానిటర్ల మీదికి వచ్చింది. కంప్యూటర్ ఆపడానికి ఏ మూలకు వెళ్లాలో తెలియక తిప్పలు పడ్డది మన విద్యార్థులే కాదు, ప్రపంచమంతా అంతే. ఏడాదికి, విండోస్ 8.1లో, బటన్ తిరిగొచ్చింది. మెనూ రాలేదు. 2014 ఫిబ్రవరి 4న హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాడు. రెండు నెలలకు, ఏప్రిల్ సభలో, స్టార్ట్ మెనూ మళ్లీ వస్తోందని కంపెనీ చూపించింది. 2015 జూలై 29న విండోస్ 10తో అది నిజమైంది. ఘనత అంతా ఆయనకే కట్టబెట్టడం అతిశయోక్తి అవుతుంది, ఆ మెనూ పని ముందే మొదలై ఉంటుంది. కానీ బూట్ మెనూ గొడవే లేకుండా విండోస్ కడుపులోనే లినక్స్‌ను నడిపే ఏర్పాటు 2016లో వచ్చింది ఆయన హయాంలోనే. ఐటీ వర్క్‌షాప్‌లో డిస్క్ ముక్కలు చేసిన ఆంధ్రా ఇంజనీర్లు అది చూసి, ఇంతకాలం మేం పడ్డ కష్టమో అనుకుంటే తప్పుపట్టలేం. 2017 ఏప్రిల్‌లో ఉబుంటు కూడా యూనిటీని వదిలేస్తున్నామని ప్రకటించి గ్నోమ్ గూటికి తిరిగి చేరింది.

ప్రభుత్వాలు తెరలను ఎంచిన తీరు మరోలా ఉంటుంది. కేరళ 2000ల నడుమ నుంచి బడుల్లో కంప్యూటర్ చదువునంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మళ్లించి, టీచర్లకు దాని మీదే శిక్షణ ఇచ్చింది. అక్కడి పిల్లలకు గ్నోమ్ తొలి తెర. ఆంధ్రప్రదేశ్ 2008లో 5000 హైస్కూళ్లలో కంప్యూటర్ విద్య పెట్టినప్పుడు వేరే మార్గం పట్టింది. ఎన్‌కంప్యూటింగ్ పరికరాలతో ఒకే సీపీయూను నలుగురైదుగురు పిల్లలు పంచుకున్నారు. ఎవరి మానిటర్ వాళ్లది, ఎవరి కీబోర్డు వాళ్లది, యంత్రం మాత్రం ఒకటే. తన ముందున్న డెస్క్‌టాప్ ఇంకెక్కడో నడుస్తోందన్న సంగతి పిల్లాడికి తెలియాల్సిన అవసరం లేదు, కరెంటు పోయినప్పుడు తప్ప.

ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యాక అదే ఏర్పాటు ఉద్యోగంలో ఎదురైంది. 2020లో కోవిడ్ వల్ల ఇంటి నుంచి పని మొదలయ్యాక హైదరాబాద్, బెంగళూరు కంపెనీల ల్యాప్‌టాప్‌లు కోనసీమ పెంకుటిళ్ల అరుగుల మీదికి చేరాయి. వాటిలో కొన్నిటి తెర మీద కనిపించే డెస్క్‌టాప్ నిజానికి దూరాన కంపెనీ సర్వర్లో ఉంటుంది. అమలాపురంలో 2022 మే 24న జరిగిన అల్లర్ల తర్వాత కోనసీమ జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఆ సంగతి గట్టిగా తెలిసొచ్చింది. సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లతో గోదావరి గట్ల వైపు వెళ్లిన వార్తలు అప్పట్లో వచ్చాయి. విండోసా లినక్సా అన్న ప్రశ్న వాళ్లకు ఎదురవ్వలేదు. తెర వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ పనీ అంతే. పొద్దున్న బ్రౌజర్ తెరిస్తే సాయంత్రం దాకా అందులోనే. కింద ఏ డెస్క్‌టాప్ ఉందో చూసుకునే తీరిక ఎవరికి?

ఇప్పుడు పాత ప్రశ్న మళ్లీ బల్ల మీదికి వచ్చింది, ఈసారి కారణం యంత్రాల వయసు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్‌కు తగ్గకూడదు. 2018కి ముందు కొన్న ల్యాబు కంప్యూటర్లలో చాలావరకు ఈ గీత దాటలేవు. కేడీఈ వాళ్లు మరికొందరితో కలిసి ‘ఎండ్ ఆఫ్ 10’ అని ప్రచారం పెట్టి, పారేయకండి, లినక్స్ ఎక్కించండి అంటున్నారు. ల్యాబు ఇన్‌ఛార్జి ముందున్న లెక్క మాత్రం ప్రచారంతో తేలేది కాదు. సీ, పైథాన్, జావా ల్యాబులకు లినక్స్ భేషుగ్గా సరిపోతుంది. ఎంబీఏ వాళ్ల ట్యాలీకి విండోస్ కావాలి. ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టే కంపెనీల సాఫ్ట్‌వేర్లలో కొన్ని విండోస్ తప్ప ఇంకోటి ఒప్పుకోవు. నాలుగు జీబీల ర్యామ్ ఉన్న యంత్రానికి గ్నోమ్ కన్నా ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక.

ఎక్కించడం మాత్రం ఐటీ వర్క్‌షాప్ రోజులంత కష్టం కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే ముందు భాష అడుగుతుంది, ఆ జాబితాలో తెలుగు ఉంది. కొన్ని తెరలు దాటాక డెస్క్‌టాప్‌ల జాబితా వస్తుంది. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ ప్లాస్మా, సినమన్, మాటె, ఇంకా కొన్ని. ఏది కావాలంటే దానికి టిక్కు పెట్టుకోవచ్చు, రెండుమూడు కలిపి కూడా పెట్టుకోవచ్చు. ఏమీ ముట్టుకోకుండా ఎంటర్ కొడితే గ్నోమ్ వస్తుంది.